బోరు నీళ్లలో నైట్రేట్ 90: ఇంకుడు గుంత పూడ్చేయాలా?

చల్కచేను:
చల్కా నేల (ఇసుక పాలెక్కువున్న ఎర్ర నేల), నాలుగెకరాల మక్క. బోరు కేసింగు చుట్టూ ఇంకుడు గుంత ఉంది, చేనులో పారిన వాన నీళ్లన్నీ అందులోకే దిగుతాయి. ఎండాకాలంలో నైట్రేట్ లీటరుకు 30 మి.గ్రా. ఉండేది, పెద్ద వానల తర్వాత 90 వచ్చింది. ఇంట్లో తాగేదీ ఈ నీళ్లే. ఏం చేయాలి?

నీటిచెలమ:
ముందు తాగే నీళ్లు మార్చండి. తాగే నీళ్లలో నైట్రేట్‌కు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) హద్దు లీటరుకు 45 మి.గ్రా. మరగబెడితే నీరు ఆవిరైపోయి నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, బ్లీచింగ్ పౌడరు దాన్ని తీయలేవు, ఆర్వో తీస్తుంది. ఆరు నెలల లోపు బిడ్డకు పాలపొడి ఈ నీళ్లతో అస్సలు కలపొద్దు. రక్తం ఆక్సిజన్ మోయలేక పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి, ప్రాణానికే ముప్పు.

గుంత పూడ్చక్కర్లేదు. చేను నీళ్లు రాకుండా చుట్టూ అడుగున్నర ఎత్తు గట్టు వేసి, కప్పు మీది వాన నీళ్లు మాత్రమే అందులోకి మళ్లించండి. గుంతలోని కంకర, ఇసుక బురదనే ఆపుతాయి. కరిగిన యూరియా కేసింగు రంధ్రాల్లోంచి నేరుగా బోరులోకి దిగుతుంది.

పదును:
అసలు పని చేనులో ఉంది. యూరియా చల్లిన మొదటి రెండు మూడు రోజులు దాన్ని మట్టి పట్టుకోదు. తర్వాత నైట్రేట్‌గా మారాక కూడా అంతే. ఇప్పుడు వారాల తరబడి ఎండ, ఆపై ఒక్క రాత్రిలో కుండపోత. ఎండలో మట్టిలో పోగైన నైట్రేట్ ఆ ఒక్క వానకే వేళ్లు దాటి కిందికి పోతుంది. అందుకే భారీ వాన సూచన ఉంటే పైపాటు (ఎదిగే పైరుకు వేసే యూరియా) ఆపండి. ఒకేసారి బస్తా వేయకుండా సగం సగం చేసి, పదునున్నప్పుడు మొక్క పక్కన రెండంగుళాల లోతున వేసి మట్టి కప్పండి.

ఇంకో లెక్క. 90 మి.గ్రా. నైట్రేట్‌లో నత్రజని 20 మి.గ్రా. ఎకరానికి అంగుళం తడి అంటే సుమారు లక్ష లీటర్లు, అందులో 2 కిలోల నత్రజని. అలాంటి అయిదు తడులిస్తే 10 కిలోలు, అంటే దాదాపు అర బస్తా యూరియా. అంత మేర మందు తగ్గించండి.

నీటిచెలమ:
పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంత బోరుకు ఎంత దూరంలో ఉన్నాయి? దగ్గర్లో ఉంటే యూరియా ఒక్కదాన్నే అనుకోవద్దు. మళ్లీ పరీక్షకిచ్చేటప్పుడు క్లోరైడ్, ఈ-కోలి (మలంలో ఉండే బ్యాక్టీరియా) కూడా చూడమనండి. అవీ పెరిగితే ఆ పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంతల మీద గట్టి అనుమానం పెట్టుకోవాలి. మోటరు పది నిమిషాలు నడిపాక, లీటరు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపి, ఐసులో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చండి. ఈ-కోలికి మాత్రం ల్యాబు వాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసా వేరుగా తీసుకోవాలి, దాన్ని కడగొద్దు.