రవీంద్రభారతిలో ‘సత్య హరిశ్చంద్ర’ చూసినవాళ్లు ఉన్నారా? కాటి సీను ఎలా అనిపించింది?

మల్కాజిగిరి శ్రీను: శనివారం చూశాను. బలిజేపల్లి వారి నాటకాన్ని కొత్త సెట్లతో, కుదించి ఆడారు. వారణాసి సీను బాగా పండింది, నక్షత్రకుడు నోరు తెరిస్తే చాలు హాలంతా నవ్వులే. కానీ కాటి సీనులో సగం పద్యాలు ఎగిరిపోయాయి. ఉన్నవాటికీ రాగం లేదు. చాలా బాధేసింది.

పద్యంపిచ్చి: నేనూ ఉన్నానండీ. జాషువా గారి శ్మశానవాటి పద్యాలు మాత్రం ఉంచారు, సంతోషం. అసలు నాటకంలోవి కాకపోయినా, నటులు తెచ్చి పాడితే జనం గుండెకు హత్తుకున్న పద్యాలవి. మొదటిది అవగానే “వన్స్ మోర్” అని ముందు వరసల్లో గొంతులు లేచాయి. హరిశ్చంద్రుడు ఆగి పక్కకు చూశాడు, మళ్లీ ఎత్తుకుందామనే. అక్కడ హార్మోనియం ఉంటే కదా! రికార్డు సంగీతం తన దారిన సాగిపోయింది, లైటు మారిపోయింది. పాపం, ఆయన తర్వాతి మాట అందుకున్నాడు. నా కోపం కోతల మీద కాదు, దీని మీద.

కొంపల్లి స్వాతి: నేను పద్యనాటకం చూడటం ఇదే మొదటిసారి. పక్కన తెర మీద పద్యం వేశారు కాబట్టే పట్టుకోగలిగాను. లోహితాస్యుణ్ణి ఎత్తుకుని చంద్రమతి వచ్చి కాటిసుంకం దగ్గర నిలబడినప్పుడు ఏడుపు ఆగలేదు. ఆలాపన మరీ సాగితే మాత్రం మా వయసువాళ్లు ఫోన్లు తీస్తారు, ఉన్నమాట చెబుతున్నాను.

బాపట్ల మాస్టారు: స్వాతమ్మా, నువ్వన్నది నిజమే. అర్థాన్ని మింగేసే రాగం మాకూ విసుగే. కానీ కాటి సీనులో పద్యం చివర రాగం ఉన్నది విన్నమాట లోపలికి దిగడానికి. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర రికార్డింగు దొరికితే విను, నీకే తెలుస్తుంది. తెల్లవార్లూ ఆడే రోజులు పోయాయి, కుదించక తప్పదు. కుదించాలంటే సభ సీను కుదించండి, కాడు ముట్టుకోకండి.

పద్యంపిచ్చి: అదే నా మాట కూడా మాస్టారూ. 1885 నుంచి ఆడుతున్న సురభి నాటక సమాజం వాళ్లను చూడండి. ఎన్ని ట్రిక్కు సీన్లున్నా హార్మోనియం, తబలా పక్కనే ఉంటాయి. నటుడు ఆగితే అవీ ఆగుతాయి. జనం అడిగితే మళ్లీ పాడగలగడమే పద్యనాటకానికి ప్రాణం.

మల్కాజిగిరి శ్రీను: శనివారం ఆడిన సమాజం వాళ్లు దీన్ని మళ్లీ ఆడతారట. కాటి సీనుకైనా హార్మోనియం పెట్టమని అందరం కలిసి ఉత్తరం రాద్దామా?

కొంపల్లి స్వాతి: రాయండి, నేనూ సంతకం చేస్తాను. తెర మాత్రం తీసేయొద్దనండి. అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా వేయమనండి, వెనక కూర్చున్నవాళ్లకు కనిపించలేదు.