వైరస్ మరమ్మతును చెడగొడితే రేడియేషన్ తగ్గించుకోవచ్చా?

పర్లాకిమిడి కోడలు:
మా అత్తగారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. విశాఖలో 25 సిట్టింగుల రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆ తర్వాత లోపలి రేడియేషన్ అన్నారు. ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ క్యాన్సర్ కణాల్లో డీఎన్ఏ మరమ్మతును పాడుచేస్తుందని మా మరిది చదివాడు. "అయితే అవి త్వరగా చస్తాయి కదా వదినా, 15 చాలు, కోతలకి ఇంటికి తీసుకొచ్చేద్దాం" అంటున్నాడు. ఆవిడకీ ఇంటిమీదే బెంగ. నాకు టెన్షన్‌గా ఉంది.

బరంపురం ల్యాబ్:
మీ మరిది చదివింది సగమేనమ్మా. డీఎన్ఏ తెగితే కణాన్ని ఆపి బాగుచేయించేది, కుదరకపోతే చంపేది పి53 అనే ప్రొటీన్. వైరస్ తాలూకు ఇ6 అనే ప్రొటీన్ దాన్నే నాశనం చేయిస్తుంది. అంటే దెబ్బతిన్న కణం చావకుండా తప్పించుకునే దారి కూడా తెరుచుకుంటుంది. పైగా వైరస్ మరమ్మతును ఆపేయదు. తన నకళ్ల కోసం ఏటీఎం అనే ప్రొటీన్‌ని లేపి, రాడ్51 లాంటి మరమ్మతు ప్రొటీన్లని తన డీఎన్ఏ దగ్గరికి లాక్కుంటుంది. 2018లో తిత్లీ తుపాను తర్వాత ఊళ్లో మేస్త్రీలందరినీ ఒక్క ఇంటివాళ్లే పట్టుకుపోతే మిగతా ఇళ్లు ఏమయ్యేవి? ఇదీ అంతే.

గుణుపురం మాస్టారు:
నేను ఒప్పుకోను. మిగతా ఇళ్లు కూలినట్టేగా? హెచ్‌పీవీ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్లు రేడియేషన్‌కి బాగా లొంగుతాయి. ఆ అమ్మాయి అడిగినదాంట్లో అర్థం ఉంది.

బరంపురం ల్యాబ్:
లొంగుతాయి, నిజమే మాస్టారూ. ఆ ధైర్యంతోనే గొంతు క్యాన్సర్లో సిస్‌ప్లాటిన్ తీసేసి సెటుక్సిమాబ్ అనే వేరే మందు ఇచ్చి చూశారు. రెండు పెద్ద ట్రయల్స్‌లోనూ బతికినవాళ్లు తగ్గారు. కణంలో కనిపించిన బలహీనతని చూసి మందు మనమే తగ్గించేయకూడదు.
అమ్మా, రోజుకి కొంచెం చొప్పున ఇవ్వడానికి కారణం ఉంది. చుట్టూ ఉన్న మంచి కణాల్లో పి53 బాగానే ఉంటుంది, సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య అవి కోలుకుంటాయి. మధ్యలో వారం పది రోజులు మానేస్తే ఆ వ్యవధి గడ్డకీ కలిసొస్తుంది. లోపలి రేడియేషన్‌తో సహా మొత్తం 8 వారాల్లో ముగియాలి.

గుణుపురం మాస్టారు:
ట్రయల్ సంగతి నాకు తెలియదు. 15 మాట వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ.

పర్లాకిమిడి కోడలు:
ఇదంతా మరిదికి చదివి వినిపించాను. కోతలు తను చూసుకుంటానన్నాడు. నేను అత్తగారితో విశాఖలోనే ఉంటాను.