అసీల్ కోడిపిల్లల్లో నిలువు జుట్టు, వంకర వేళ్లు, మనిషి మీదకు ఎగబడటం: రక్తం చెడినట్టేనా?

గోదారిగట్టు:
పెరట్లో అసీల్ (పందెం జాతి) కోళ్లున్నాయి. ఒక డేగ రంగు పుంజు, ఎనిమిది పెట్టలు. ఎముక, నిలబడే తీరు బాగున్నాయని మూడేళ్లుగా ఆ పుంజునే వాడుతున్నాం. మొదట కొన్న పెట్టలకు, తర్వాత దాని కూతుళ్లకు, ఇప్పుడు వాటి కూతుళ్లకు. డజను గుడ్లు పొదగేస్తే పది పిల్లలయ్యేవి, ఇప్పుడు ఐదారే. కొన్నిటికి కాలివేళ్లు వంకర. రెండు పిల్లలకు రంపం పళ్లలాంటి నిలువు జుట్టు (తల మీది ఎర్ర తురాయి). ఆరేడు నెలల పుంజులు దాణా వేయబోతే కాళ్ల మీదకు ఎగురుతున్నాయి. కొత్త పుంజును తెస్తే అన్నీ సర్దుకుంటాయా?

తెల్లపర్ల:
అన్నీ సర్దుకోవండి. వీటికి కారణాలు వేరు.

పిల్లలు తగ్గడానికి మాత్రం రక్తసంబంధాన్నే ముందు అనుమానించాలి. తండ్రిని కూతురితో కలిపితే పుట్టే పిల్లల్లో అంతఃప్రజనన గుణకం (రక్తం ఎంత దగ్గరిదో చెప్పే లెక్క) 25 శాతం. అలా పుట్టిన పెట్టకు మళ్లీ అదే పుంజయితే 37.5. మీరిప్పుడు అక్కడున్నారు. ఏడో రోజు రాత్రి టార్చి పెట్టి గుడ్లు చూడండి. నరాలు లేకుండా తేటగా ఉంటే విత్తనం పడలేదు: పుంజు బరువు, వయసు, మలద్వారం దగ్గర పేలు చూసుకోవాలి. ఉంగరంలా రక్తపు గీత ఉంటే పిండం మొదట్లోనే పోయింది.

వేళ్ల సంగతి వేరు. వేళ్లు లోపలికి ముడుచుకుపోయి పిల్ల మడమల మీద కూర్చుంటే అది బి2 విటమిన్ లోపం. పెట్టలకు ఉత్త నూకలు, జొన్నలే వేస్తుంటే గుడ్డులోకి ఆ విటమిన్ సరిగా చేరదు. పుంజును మార్చినా ఇది పోదు, దాణా మార్చాలి. వేలు పక్కకు వంగి, పిల్ల మామూలుగా నడుస్తుంటే వంశం కావచ్చు, పొదిగే వేడి తేడా కావచ్చు. ఇంక్యుబేటర్ పిల్లలకే వస్తూ, పెట్ట కింద పిల్లలకు రాకపోతే వేడిదే తప్పు.

నాటుపెంపకం:
జుట్టు గురించి నేను చెప్తాను. అసీల్‌కు ఉండాల్సింది తలకు అతుక్కున్న మూడు వరసల పొట్టి జుట్టు. అది బలమైన లక్షణం. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కవైపు నుంచి వచ్చినా పైకి దాదాపు అసీల్‌లాగే కనిపిస్తుంది, మధ్య వరస కాస్త ఎత్తుగా ఉంటుందంతే. పిల్లకు నిలువు జుట్టు రావాలంటే తల్లీతండ్రీ ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉండాలి. మీకున్నది ఒకే పుంజు కాబట్టి దానిలోనూ ఉన్నట్టే.

కొత్త పుంజును ఇలా పరీక్షించండి: నిలువు జుట్టున్న లెగ్‌హార్న్ (విదేశీ జాతి) పెట్టతో కలిపి ఎనిమిది పిల్లలు తీయండి. ఒక్కదానికి నిలువు జుట్టొచ్చినా ఆ పుంజు వద్దు. నిలువు జుట్టు లక్షణం దాచుకున్న కల్తీ పుంజు ఈ పరీక్షలో తప్పించుకునే అవకాశం 256లో ఒకటి.

ఇక స్వభావం. అసీల్ పోట్లాట తోటి పుంజుతోనే, మనిషి చేతిలో అది మెత్తగా ఉండాలి. డేగా కాకా నెమలా అని రంగు చూసి విత్తనపు పుంజును ఎంచే జబ్బు మనకు ఎప్పుడూ ఉన్నదే, గుణం ఎవరూ చూడరు. ఇరుకు, ఇంట్లో చిన్నపిల్లలు వెంటపడి అల్లరి పెట్టడం లాంటివి లేకపోయినా ఎగబడుతుంటే ఆ పుంజులు కూరకే, విత్తనానికి వద్దు.

గోదారిగట్టు:
అయితే పాత పుంజునూ తీసేస్తాను. బరువు కోసం వనరాజ పుంజు వేయమంటున్నారు, వేయొచ్చా?

తెల్లపర్ల:
వద్దు. హైదరాబాద్ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వనరాజను సంకరంగానే తయారుచేసింది. దాని పిల్లల్లో ఆ గుణాలు నిలకడగా రావు. మీ పెట్టలకున్న పొదుగుడు గుణమూ పలచబడుతుంది.

సంబంధం లేని మూడు అసీల్ పుంజులు తెచ్చి మూడు దొడ్లు కట్టండి, ఒక్కోదానికి ఒక పుంజు, ఐదు పెట్టలు. మీ పాత పెట్టలన్నీ ఒకే వంశం కాబట్టి అవి ఒక దొడ్లోనే ఉండాలి, మిగతా రెంటికీ బయటి పెట్టలు. కొత్తవాటిని నెల రోజులు విడిగా ఉంచి, కొక్కెర తెగులు టీకా వేశాకే కలపాలి. పెట్టపిల్లలు తల్లి దొడ్లోనే ఉంటాయి. పుంజుపిల్లల్లో మంచివి ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు, మూడు నుంచి ఒకటికి వెళ్తాయి. కాళ్లకు దొడ్డికో రంగు రింగు వేయకపోతే ఏడాదిలో అంతా కలగాపులగం. ఒక పుంజు, ఎనిమిది పెట్టలతో తరానికి అంతఃప్రజననం సుమారు 14 శాతం పెరుగుతుంది, ఈ పద్ధతిలో తరానికి సుమారు 5 శాతమే.

నాటుపెంపకం:
పుంజును మార్చాక మూడు వారాల గుడ్లు పొదగేయకండి, తినేయండి. పాత పుంజు విత్తనం అన్నాళ్లూ పెట్ట లోపల నిలిచే ఉంటుంది.