అప్‌డేట్: 'హాఫ్ బ్లడ్ బ్లూస్' పూర్తి చేశాను

జాజ్ సంగీతకారుల కథ చెప్పే ఈ ఎసి ఎడుగ్యన్ నవల మొదట్లోనే ఆగిపోయానని, కథ చెప్పే సిడ్ యాస మింగుడుపడట్లేదని ఇక్కడ అడిగాను కదా. నిన్న రాత్రి పూర్తయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది "పైకి చదవండి" అన్న సలహానే. పది పేజీలయ్యేసరికి అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన ఆ బాసిస్టు (బాస్ వాయిద్యం వాయించేవాడు) సిడ్ గొంతు చెవికి పట్టేసింది. జాజ్ తెలియకపోవడం అసలు అడ్డే కాలేదు, దాని గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాను.

అక్కరకొచ్చింది చరిత్ర. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలోని రైన్‌లాండ్ ప్రాంతంలో ఫ్రెంచి సైన్యపు ఆఫ్రికన్ సైనికులకూ జర్మన్ స్త్రీలకూ పుట్టిన పిల్లలకు నాజీలు 1937లో రహస్యంగా, బలవంతంగా సంతానం కలగకుండా ఆపరేషన్లు చేయించారు. అది చదివాకే 1940 పారిస్‌లో నల్లజాతి జర్మన్ కుర్రాడు హైరోనిమస్ ఎందుకంత భయంగా బతికాడో అర్థమైంది. అతనికి చేసిన ద్రోహానికి సిడ్‌ను మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.