మొహైర్ టెడ్డీ: తల ఊగుతోంది, మొహం వంకర. విప్పాలా, సర్దుకోవచ్చా?

దూదిపింజ:
అందరికీ నమస్కారం. 35 సెం.మీ. టెడ్డీ. 12 మి.మీ. బొచ్చున్న మొహైర్ (మేక బొచ్చు బట్ట), అయిదు కీళ్ళూ కాటర్ పిన్నులే, అంటే రెండు కాళ్ళూ చుట్టి బిగించే లోహపు పిన్నులు. కీళ్ళలో పెట్టే గుండ్రటి బిళ్ళలు హార్డ్‌బోర్డువి: తలకు 30 మి.మీ., చేతులకు 30, కాళ్ళకు 40. లోపల రెక్రాన్ ఫైబర్ (పాలిస్టర్ పీచు), పొట్టలో 100 గ్రాముల స్టీల్ గుళ్ళు. వీపు మూసి నాలుగు రోజులైంది.

ఇప్పుడు మూడు పేచీలు. తల పక్కలకు బిగువుగానే తిరుగుతోంది గానీ ముందుకూ వెనక్కూ ఊగుతోంది, కూర్చోబెడితే గడ్డం గుండెకి ఆనుతోంది. రెండోది, ముక్కు నడిమధ్యన లేదు, దాదాపు 4 మి.మీ. ఎడమకు జరిగింది, ఆ వైపు బుగ్గ కూడా ఉబ్బుగా ఉంది. మూడోది, ముక్కు మీద వేసిన దారాలు వదులై సందుల్లోంచి బొచ్చు బయటికి వస్తోంది.

కళ్ళు ఇంకా కుట్టలేదు. 10 మి.మీ. గాజుకళ్ళు, వెనక తీగ ఉన్నవి. పేర్ల చీటీలు తీసి ఒకరికొకరు బొమ్మలు పంపుకునే మన మార్పిడిలో, నా చీటీలో వచ్చినవాళ్ళకి వెళ్ళాల్సిన బొమ్మ ఇది. వాళ్ళింట్లో రెండేళ్ళ పాప ఉంది. వీపు విప్పకుండా ఏమైనా చేయొచ్చా?

బొంతలక్క:
చీటీలో ఎవరొచ్చారో చెప్పకుండా పాప వయసు చెప్పేశావు, సగం మందికి అర్థమైపోయి ఉంటుంది. సరే.

విప్పక తప్పదు. తలకు 30 బిళ్ళ చాలా చిన్నది. మెడ అంచు చుట్టుకొలత టేపుతో కొలిచి 3.14తో భాగించు, వచ్చిన దాంట్లోంచి 6 నుంచి 8 మి.మీ. తగ్గించు. అదీ తల బిళ్ళ సైజు. 35 సెం.మీ. బొమ్మకి మెడ చుట్టుకొలత 16 సెం.మీ. దగ్గర ఉంటుంది, అంటే 43, 44 మి.మీ. బిళ్ళ పట్టాలి. చిన్న బిళ్ళ వేస్తే మెడ బట్ట దాని చుట్టూ ముడుచుకుని గుత్తిలా తయారవుతుంది. తల ఆ గుత్తి మీద నిలబడుతుంది, బిళ్ళ మీద కాదు. అందుకే ఊపు.

రెండో కారణం మెడ దగ్గర ఫైబర్ మెత్తగా ఉండడం. తల కూరేటప్పుడు అందరూ మూతి దగ్గర గట్టిగా కూరి, మెడ దగ్గరికి వచ్చేసరికి అలిసిపోతారు. బిళ్ళ పెట్టే ముందు బొటనవేలితో నొక్కితే ఫైబర్ దిగకూడదు. మెడ అంచు కంటే కొంచెం పైకి ఉబ్బేలా కూరి, బిళ్ళతో దాన్ని లోపలికి అదిమి, అప్పుడు మెడ అంచు చుట్టూ వేసిన కుచ్చు దారం లాగాలి. కుచ్చు కుట్టు అంచు నుంచి 6 మి.మీ. లోపల, రెండు పేటల గట్టి దారంతో. మైనం పట్టించిన చెప్పులు కుట్టే దారమైతే లాగినా తెగదు. ముడివేశాక పిన్ను చుట్టూ అడ్డంగా, నిలువుగా నాలుగైదు సార్లు సూది తిప్పు.

ఒక్క మాట అడగాలి. తిరగడం బిగువుగా ఉంది, ఊగడం మాత్రం వదులు అన్నావు. కిట్‌లో తల పిన్ను ఒకటే వచ్చిందా, లేక రెండు పిన్నులు గొలుసులా ఒకదాని కంట్లో ఒకటి దూర్చి వచ్చాయా?

దూదిపింజ:
రెండు పిన్నులు గొలుసులాగే వచ్చాయి! తలకి కాబట్టి గట్టిగా ఉండాలని అలా ఇచ్చారనుకున్నాను.

నట్టుబోల్టు:
దొంగ దొరికాడు. అది ఊగే తల కోసం చేసే కీలు. తల వాల్చి అమాయకంగా చూసే బొమ్మలు చేసేవాళ్ళు కావాలనే అది వాడతారు. రెండు పిన్నుల కళ్ళు కలిసేచోట ఆట ఉంటుంది కాబట్టి ఎంత బిగించినా తల అన్ని వైపులకీ వాలుతుంది. నిటారుగా నిలబడాలంటే ఒక్క పిన్నే వాడాలి.

నన్నడిగితే పిన్ను మానేసి బోల్టు వేయండి. ఎం5 బోల్టు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగుండి దానంతటది వదులవనిది), 8 ఎంఎం స్పానర్. ఎంత బిగువు కావాలంటే అంత, వేళ్ళు నొప్పెట్టవు, పావు మలుపు తేడాతో సరిచేసుకోవచ్చు.

బొంతలక్క:
మళ్ళీ మొదలెట్టావా తమ్ముడూ! బోల్టు తల బొమ్మ తలలో మూసుకుపోయాక, బయట నట్టు తిప్పుతుంటే లోపల బోల్టూ దాంతోపాటే తిరుగుతుంది. అప్పుడు పట్టుకునేదేదీ ఉండదు. అది కూడా చెప్పు.

నట్టుబోల్టు:
చెప్పబోతున్నాను అక్కా. బోల్టు తలను ముందుగానే బిళ్ళకి ఎపాక్సీతో అతికించి రాత్రంతా ఆరనివ్వాలి. అప్పుడు తిరగదు. నైలాక్ నట్టు ఒకసారి విప్పితే లోపలి నైలాన్ రింగు పట్టు తగ్గుతుంది, మళ్ళీ బిగించేటప్పుడు కొత్తది వేయండి. తల బరువు కాస్త పెరుగుతుందన్న మాట నిజమే. 20 సెం.మీ. లోపు బొమ్మలకి నేనూ పిన్నే అంటాను.

బొంతలక్క:
దూదిపింజా, ఇంట్లో ఉన్న వస్తువుతో చెయ్యి. వరస ఇది: పిన్ను, వాషర్, బిళ్ళ, తల బట్ట, ఒంటి బట్ట, మళ్ళీ బిళ్ళ, వాషర్. పిన్ను దూర్చడానికి బట్టని కత్తెరతో కోయకు, ఆరెతో పోగులు పక్కకి జరిపి దారి చెయ్యి. కోసిన చిల్లు తిప్పిన కొద్దీ పెద్దదవుతుంది.

తర్వాత నోస్ ప్లయర్‌తో పిన్ను కాళ్ళు రెండూ విడదీసి, ఒక్కొక్కటి పైకి లాగి పట్టుకుంటూ పొట్టేలు కొమ్ములా చుట్టు. కొమ్ము కొన వాషర్ మీద నొక్కుకుని కూర్చోవాలి. గాల్లో ఉంటే ఆ కీలు వారానికే వదులు. పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు తల తిప్పడానికి రెండు చేతులూ కావాలి, అంత బిగువుండాలి. ఫైబర్ అణిగాక ఎలాగూ కొంచెం సడలుతుంది. పాత పిన్నుని సాగదీసి మళ్ళీ చుట్టకు, ఒకటి రెండు మడతలకే విరుగుతుంది.

సూదిమొన:
మొహం సంగతి. విప్పే ముందు ఒక కొలత తీసుకోండి. ముక్కు కొస నుంచి మెడ అంచు దాకా, గసెట్ రెండు పక్కల కుట్ల వెంబడి టేపు పెట్టి కొలవండి. గసెట్ అంటే ముక్కు నుంచి మెడ వెనకదాకా పోయే నడినెత్తి ముక్క, కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. రెండు కొలతలూ సమానంగా ఉంటే తప్పు కూరడంలో ఉంది. 3 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే కుట్టులో ఉంది, అప్పుడు ఎంత కూరినా మొహం తిన్నగా రాదు.

కుట్టులో ఇది ఎందుకొస్తుందంటే, మొహైర్ ముక్కలు రెండు ఎదురెదురుగా పెట్టినప్పుడు బొచ్చు మీద బొచ్చు జారుతుంది. మిషన్ పాదం కింద పైముక్క ముందుకు నడుస్తుంది. ముక్కు దగ్గర మొదలుపెట్టి చుట్టూ ఒకే దెబ్బలో కుట్టుకొచ్చేవాళ్ళకి ఇది ఖాయం. ముందు ముక్కు నడిమి గుర్తు కలిపి అక్కడ మూడు పోట్లు చేత్తో వేయండి. అక్కణ్ణుంచి ఒక వైపు మెడ దాకా, మళ్ళీ ముక్కుకొచ్చి రెండో వైపు మెడ దాకా. రెండు వైపులా 2 సెం.మీ.కొక గుర్తు పెట్టుకుని, బొచ్చుని సూదితో లోపలికి దువ్వుతూ కచ్చా కుట్టు వేశాకే అసలు కుట్టు. మిషనైతే పోటు 2 మి.మీ., చేత్తో అయితే వెనక కుట్టు, అదీ 2 మి.మీ. కంటే దాటకుండా.

కొలతలు సమానంగా వస్తే అదృష్టం. మెడ విప్పారు కాబట్టి ఫైబర్ మొత్తం తీసేసి మూతి నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. మూతిలో మొదటి ముద్ద వేరుశనగ కాయంత, వేళ్ళ మధ్య గట్టిగా ఉండలా నలిపి కొసకి అదమాలి. చిన్న చిన్న ముద్దలు, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. పెద్ద పీచు ఒకేసారి తోస్తే అది ఒక బుగ్గలో ఇరుక్కుని గడ్డకడుతుంది, మీ ఎడమ బుగ్గలో ఉన్నది అదే అయ్యుండొచ్చు. మూసేశాక చిన్న గుంటలుంటే బయటి నుంచి పొడవాటి సూది గుచ్చి లోపలి పీచుని గుంట వైపు ఎత్తండి, బొచ్చు ఆ చిల్లుని కప్పేస్తుంది.

ముక్కు దారాలు వదులవడానికి కూడా మెత్తటి మూతే కారణం. పోటు లాగిన కొద్దీ మూతి లోపలికి పోతుంది, పక్క పోటు వేసేసరికి ముందుది సడలుతుంది. పాత దారం తీసేసి, ముక్కు ఆకారం మేర బొచ్చుని బట్టదాకా కత్తిరించి, అదే ఆకారంలో నల్ల ఫెల్ట్ ముక్క టాకా వేయండి. యాంకర్ పెర్ల్ కాటన్ 5 నంబరు దారం, మీటరున్నర ఒకే పేటగా, మధ్యలో అతుకు లేకుండా. నడిమి పోటు ముందు, తర్వాత అక్కణ్ణుంచి ఒక అంచుకి, మళ్ళీ నడిమి నుంచి రెండో అంచుకి. ఒక కొస నుంచి రెండో కొసకి కుట్టుకుంటూ పోతే ముక్కు తప్పకుండా ఒరుగుతుంది.

దూదిపింజ:
కొలిచాను. కుడి 18.4, ఎడమ 19 సెం.మీ. కుట్టులోనే తప్పు. విప్పుతుంటే గసెట్ అంచు పోగులు ఊడి కుట్టుకి వదిలిన 6 మి.మీ. మార్జిన్‌లో సగం పోయింది. కొత్తది కోద్దామంటే మిగిలినవి 22 సెం.మీ. పొడవు, 5 వెడల్పు పట్టీలు రెండే. గసెట్ వెడల్పైన చోట మార్జిన్‌తో కలిపి 8 సెం.మీ. ఎవరి దగ్గరైనా ఇదే రంగు ముక్క ఉందా?

బొంతలక్క:
నా దగ్గర తేనె రంగు 12 మి.మీ. ఉంది, అడిగితే రేపే పంపుతాను. కానీ వేరే బేల్ బట్ట, రంగులో వీసమెత్తు తేడా ఉన్నా సరిగ్గా నడినెత్తిన కనబడుతుంది. అరికాళ్ళకయితే పరవాలేదు.

నీ పట్టీలతోనే అవుతుంది. గసెట్ పేటర్న్‌ని నిలువునా మధ్యకి మడిచి గీత మీద కోసెయ్యి. ఒక్కో సగం 4 సెం.మీ., నడిమి కుట్టుకి 6 మి.మీ. కలిపితే 4.6. నీ 5లో సరిపోతుంది. ఇదేమీ కక్కుర్తి కాదు. జర్మనీ కంపెనీ స్టైఫ్ వాళ్ళ పాత టెడ్డీల్లో బట్ట ఆదా కోసం కొన్నిటికి ఇలా నడిమి కుట్టు వేశారు, ఇప్పుడు సేకరించేవాళ్ళు వాటికే ఎక్కువ ధర పెడతారు. రెండు పట్టీల్లోనూ బొచ్చు వాలు ఒకే దిక్కుకి ఉందో లేదో చేత్తో నిమిరి చూసి, వెనక బాణం గుర్తు గీసుకున్నాకే కత్తెర పెట్టు. కత్తెర కొసతో బట్టని మాత్రమే కొయ్యి, బొచ్చుని కాదు. అంచులకి సన్నగా ఫెవికాల్ పూసి ఆరనిస్తే పోగులు ఊడవు. రెండు సగాలు ముందు కలిపి, కుట్టులో ఇరుక్కున్న బొచ్చుని సూదితో పైకి దువ్వాక, తర్వాతే బుగ్గ ముక్కలతో కలుపు.

ఇకమీదట మీటరు బట్ట ముగ్గురు నలుగురు కలిసి తెప్పించుకునేటప్పుడు కూడా ఈ బాణం మర్చిపోవద్దు. 1 మీటరు, 140 వెడల్పు బట్టని 50 × 70 ముక్కలు నాలుగు చేస్తాం కదా, పంచేవాళ్ళు నాలుగింటి మీదా బాణం గీసి ఇస్తే పోస్టులో అందుకున్నవాళ్ళు తడుముకోనక్కర్లేదు.

గాజుకన్ను:
ఇంతమంది ఇన్ని చెప్పారు, రెండేళ్ళ పాప మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఇంటికి గాజుకళ్ళ బొమ్మ వద్దు. గాజుకన్ను తీగ మీద నిలుస్తుంది, తీగ దారం మీద, పిల్లలు ముందు నోట్లో పెట్టుకునేది కన్నే. యూరప్ వాళ్ళ ఈఎన్ 71 పరీక్షలో 6 మి.మీ. కంటే పెద్ద భాగాన్ని 90 న్యూటన్ల బలంతో లాగుతారు, అంటే దాదాపు 9 కిలోల బరువు వేలాడినట్టు. చేత్తో కట్టిన ముడికి ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. కుట్టు విడిపోతే స్టీల్ గుళ్ళు, పిన్ను కొనలు కూడా బయటికి వస్తాయి.

మొహైర్ బొమ్మని చీటీలో వచ్చిన ఆ ఇంటి అక్కకే ఇవ్వండి, అల్మారాలో పెట్టేదని చీటీ మీద రాయండి. పాపకి కీళ్ళు లేకుండా, కళ్ళు దారంతో కుట్టిన మెత్తటి చిన్న బొమ్మ వేరే చేయండి, ఒక పూట పని. అమ్మేవాళ్ళకి ఇంకో సంగతి: 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఆటబొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది.

గాజుకళ్ళు పెట్టే పద్ధతి: చెవుల కంటే ముందు, మూతి బొచ్చు కత్తిరించాక. నల్లతల గుండుసూదులు గుచ్చి ఒక రోజు అలాగే ఉంచండి, ఫోన్‌లో ఫోటో తీసి తలకిందులుగా చూడండి, ఒరుగు ఇట్టే తెలుస్తుంది. ఆరెతో చిల్లు చేసి, కన్ను వెనకున్న తీగ చుట్టని ప్లయర్‌తో కొంచెమే నొక్కండి. గాజుకి ఆనించి నొక్కితే పగులుతుంది. రెండు పేటల దారం, 15 సెం.మీ. సూది. దారం కొసలు రెండూ తల వెనక మెడ దగ్గర 4 మి.మీ. ఎడంతో బయటికి తీసి, కన్ను గుంటలో దిగేదాకా లాగి ముడివేయండి. ఒక కన్ను లాగాక రెండోది లాగేటప్పుడు మొదటిదాన్నే చూస్తూ లాగాలి, లోతు సమానమవుతుంది.

ఉప్పుగాలి:
విశాఖ, కాకినాడ వైపు పోయే బొమ్మయితే మామూలు స్టీల్ గుళ్ళు తీసెయ్. తేమకి తుప్పు పట్టి బట్ట మీద మరక తేలుతుంది. గాజుపూసలు గానీ స్టెయిన్‌లెస్ గుళ్ళు గానీ సన్నటి గుడ్డసంచిలో కుట్టి పెట్టు. ఎలాగూ వీపు విప్పుతున్నావు కదా.

మొహైర్ మేక బొచ్చు, పురుగుకి ఉన్నిబట్ట ఎంతో ఇదీ అంతే. అనుమానముంటే గాలి తీసిన ప్లాస్టిక్ సంచిలో మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు. తీశాక ఒక రోజు సంచి విప్పకు, లేకపోతే చెమ్మ బొమ్మకి పడుతుంది.

దూదిపింజ:
వీపు విప్పేశాను. తలకి 44 బిళ్ళ, ఒకే పిన్ను, గసెట్‌కి నడిమి కుట్టు. గుళ్ళు తీసేసి గాజుపూసలు వేస్తాను. నట్టుబోల్టు అన్నా, ఎపాక్సీ పద్ధతి వచ్చే బొమ్మకి. బొంతలక్కా, తేనె రంగు ముక్క అరికాళ్ళకి పంపు, 15 × 20 చాలు.

బొంతలక్క:
బాణం గీసే పంపుతాను. పాప బొమ్మకి మెత్తటి ఫ్లానెల్ కూడా అందులోనే పెడతాను.