ఏసీ గదికి వెంటిలేటర్లు మూసేయాల్నా? బాపు వద్దంటుండు

హన్మకొండ_పెద్దోడు
మాది హన్మకొండల ఒకటే అంతస్తు ఇల్లు, 1986ల బాపు కట్టించిండు. పడకగదికి రెండు కిటికీలు. ఒక్కో కిటికీ మీద రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తు వెంటిలేటర్, దానికి సిమెంటు జాలీ. పోయినేడు టన్నున్నర ఏసీ పెట్టించిన. రాత్రి పదింటికి పెడితే పన్నెండైనా గది చల్లబడతలేదు, బయటి మిషన్ ఆగకుంట తిరుగుతనే ఉంటది. మెకానిక్ చూసి గ్యాస్ బాగనే ఉంది, సందులు మూయుండ్రి అన్నడు. బాపేమో "గాలాడని ఇల్లు ఇల్లేనా, సందుగ" అంటుండు. నేను మూసేద్దామనే అంటున్న. మీరేమంటరు?

ఖని_కుర్రోడు
ఆలోచన ఎందుకన్నా, మూసెయ్. మాది గోదావరిఖని. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలుతోని పేరు రాయొచ్చు. ఓపెన్‌కాస్టు దుమ్ముకు ఇంతంత సందు చాలు. నేను కనబడ్డ కాడల్లా సిలికాన్ కొట్టేసిన.

కాజీపేట_అక్క
ఇంట్ల కూలర్ ఉన్నోళ్లు గీ మాట విని మోసపోకుండ్రి. కూలర్ తడిగాలిని లోపలికి తోస్తది, అది పోవడానికి ఎదురుంగ ఒక కిటికీ తెరిచి ఉండాలె. మేము ఒకసారి దుమ్ము వస్తుందని అన్నీ మూసి కూలర్ పెట్టినం. రెండు రోజులకు దుప్పట్లు చెమ్మ పట్టినయి, డబ్బాల అప్పడాలు సుత మెత్తబడ్డయి. ఉక్కపోత వేరే.

సైటు_సారు
ఇరవై ఏండ్లు సుతారుల వెంట, వడ్లోళ్ల వెంట సైట్ల మీద తిరిగినోణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్న. మూయాల్నా వద్దా అనే ముందు ఎక్కడ మూయాలో చూడుండ్రి. అందరు ఫస్టు ఉరికేది తలుపు కింది సందు మీదికే. లెక్క కడదాం. మూడడుగుల తలుపు కింద అరంగుళం సందు ఉంటే 18 చదరపు అంగుళాలు. మీ వెంటిలేటర్ ఒక్కటే 24 ఇంటు 12, అంటే 288. జాలీ సగం మూసుకొని ఉందనుకున్నా 144. రెండింటికి 288. అంటే పదహారు తలుపుల సందులు నెత్తిమీద తెరిచిపెట్టి, కింద బట్ట కుక్కుతున్నరు.

పైగా చల్లగాలి బరువు. ఏసీ గదిల అది కిందికి దిగి తలుపు కింది నుంచి జారిపోతది, దాని జాగలకు పైన జాలీల నుంచి వేడిగాలి దిగుతది. రెండూ ఒకదానికొకటి తోడు.

కనబడని సందులకు ఊదుబత్తి చాలు. ఫ్యాన్లు, ఏసీ బంద్ చేసి, బయటి తలుపులు, కిటికీలు మూసి, లోపలి తలుపులు తెరిచి, వంటింట్ల ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయుండ్రి. స్టవ్, గ్యాస్ గీజర్ మాత్రం ఆర్పి ఉండాలె. ఊదుబత్తిని దర్వాజ అంచుల పొంటి, స్విచ్ బోర్డుల కాడ, ఏసీ పైపు గోడల దూరిన కాడ మెల్లగ తిప్పుండ్రి. పొగ గది లోపలికి వంగితే అక్కడికెల్లి గాలి వస్తున్నట్టే. పరదాలు జాగ్రత్త.

ఇంకో మాట. కట్టె తలుపు వానకాలం ఉబ్బి పడదు, వడ్లాయన్ని పిలిచి చెక్కిస్తం. అదే తలుపు ఎండకాలం వచ్చేసరికి ఎండి, వేలు పట్టేంత సందు ఇస్తది. సందు చేసుకునేది మనమే! వానకాలం చెక్కియ్యకుండ్రి, ఎండకాలం ఫోమ్ టేపు అంటియ్యుండ్రి.

ఖని తమ్మీ, నీవి జరిగే యూపీవీసీ కిటికీలైతే కింది పట్టాల బయటి దిక్కు చిన్న రంధ్రాలుంటయి. అవి వాననీళ్లు పోనీకి. వాటికి సుత సిలికాన్ కొట్టినవా?

ఖని_కుర్రోడు
కొట్టిన 🙏 పోయిన వానకాలం నీళ్లు లోపలికి ఎందుకొచ్చినయో ఇప్పుడు సమజైంది.

ఆదిలాబాద్_చలి
నేను బాపు దిక్కే. మా దగ్గర చలికాలం రాత్రులు పది డిగ్రీల కిందికి పోతయి. చలిగాలి వస్తుందని గుడ్డలు కుక్కి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకునేటోళ్లు ఉన్నరు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, కండ్లకు కనబడదు. నిద్రలనే ప్రాణం పోతది. బాత్రూంల గ్యాస్ గీజర్ ఉంటే అక్కడ సుత అంతే.

ఖని_కుర్రోడు
ఈ రోజులల్ల కుంపటి ఎవరింట్ల ఉందన్నా?

ఆదిలాబాద్_చలి
బాలింత గదిల పెడతరు తమ్మీ. అదీ పసిపిల్ల పక్కన, కిటికీలు బిగించి. మీ ఇంట్ల పెట్టలేదా?

ఖని_కుర్రోడు
...పెట్టిండ్రు. మా అక్కకు.

సైటు_సారు
ఆదిలాబాద్ అన్న మాట నిజం. నేను చెప్పింది పడకగదికే. వంటింటి, బాత్రూం వెంటిలేటర్లను ముట్టుకోవద్దు. వంటగ్యాస్ లీకైతే గాలికన్నా బరువు కాబట్టి నేల మీదనే పారుతది, అందుకే వంటింటి తలుపు కింది సందు సుత ఉండనీయుండ్రి.

కాజీపేట_అక్క
అందరు సందులు, సందులు అంటున్నరు, స్లాబు మాట ఎవరూ ఎత్తరేంది? ఒకటే అంతస్తు అంటుండు. పొద్దంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాక వేడి కక్కుతనే ఉంటది. జాలీలు మూసినా పైన తెల్ల సున్నమన్నా వేయకపోతే సగం పనే.

హన్మకొండ_పెద్దోడు
ఆదివారం చేసినం. ఊదుబత్తి బాపు చేతికే ఇచ్చిన. జాలీల కాడ పొగ వంగుడు తెలిసిందే, అసలు దొంగ ఇంకోటి దొరికింది. ఏసీ పైపు కోసం గోడకు కొట్టిన బొక్క, పైపుకు రెండింతలుంది. బిగించినోళ్లు బయటి నుంచి తెల్ల ప్లాస్టిక్ మూత పెట్టి పోయిండ్రు, లోపల ఖాళీ. ముందు పుట్టీతోని అది నింపిన.

జాలీలకు సిలికాన్ బాపు ఒప్పుకోలేదు. వడ్లాయనతోని కట్టె ఫ్రేములకు అద్దం బిగించి, మడతబందులు పెట్టి తెరిచి మూసేటట్టు చేయించినం, అంచులకు ఫోమ్ టేపు. ఇప్పుడు పదకొండు కాకముందే బయటి మిషన్ ఆగి ఆగి నడుస్తుంది. పొద్దున అయిదింటికి బాపే లేచి ఏసీ బంద్ చేసి వాటిని తెరుస్తుండు. ఇంకా "నేను చెప్పలే?" అని నన్నే అంటుండు. స్లాబుకు సున్నం వచ్చే నెల, అక్కా.

ఒక్క తిప్పలు మిగిలింది. తలుపు కింద కొట్టిన రబ్బరు పట్టీ బండకు రాసుకొని కిర్రుమంటుంది. రాత్రి బాపు లేస్తే ఇల్లంతా లేస్తుంది.

సైటు_సారు
రబ్బరు తీసెయ్. బ్రష్ కుచ్చు పట్టీ దొరుకుతది, హార్డ్‌వేర్ షాపుల అడుగు. కుచ్చు బండకు తగిలీ తగలనట్టు ఉంచి స్క్రూలు బిగించు.