స్టార్‌షిప్ ట్రూపర్స్ అయిపోయింది, తర్వాత ఏం చదవాలి?

హైన్‌లైన్ 1959లో రాసిన అంతరిక్ష యుద్ధ నవల ఇది, సైనికుల ట్రైనింగ్ భాగం ఆపకుండా చదివించింది కానీ క్లాస్‌రూమ్ లెక్చర్లు వచ్చినప్పుడల్లా కథ ఆగిపోయినట్టు అనిపించిందండీ. నాకు షిప్పుల కన్నా మనుషులు ముఖ్యం. ఏదైనా చెప్పండి.

జవాబు 1:
అయితే జో హాల్డెమన్ ఫరెవర్ వార్ చదవాల్సిందే. ఆయన స్వయంగా వియత్నాం యుద్ధంలో గాయపడ్డ మనిషి, 1974లో పుస్తకంగా వచ్చింది. కాంతి వేగానికి దగ్గరగా తిరగడం వల్ల సైనికుడికి కొద్దికాలమే గడుస్తుంది, భూమ్మీద మాత్రం దశాబ్దాలు, పోనుపోను శతాబ్దాలు వెళ్ళిపోతాయి, తిరిగొస్తే తనకి తెలిసిన లోకమే ఉండదు. ఆ సైనికుడు వాళ్ళమ్మని కలిసే భాగం చదివాక నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చుండిపోయా.

జవాబు 2:
పై ఆయన చెప్పింది నిజమే కానీ అది బాగా బరువైన కథ, వెంటనే వద్దేమో. 2011లో వచ్చిన లెవయతన్ వేక్స్ చూడండి, జేమ్స్ ఎస్ ఏ కోరీ పేరుతో ఇద్దరు కలిసి రాశారు. షిప్ స్పీడ్ పెంచితేనే లోపల బరువు తెలుస్తుంది, మరీ ఎక్కువ పెంచితే మనుషుల ప్రాణాలకే ముప్పు, అందుకే ప్రతి ఛేజింగ్‌లోనూ భయం వేస్తుంది.

జవాబు 3:
నా ఓటు ఫరెవర్ వార్‌కే. స్టార్‌షిప్ ట్రూపర్స్ ఇంకా గుర్తుండగానే చదివితే రెండిటి మధ్య తేడా బాగా తెలుస్తుంది.